చిల్కూట్ కనుమ: మోసినవాళ్ల దారి



చార్లీ చాప్లిన్ 'గోల్డ్ రష్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. 1925లో వచ్చింది. చాప్లిన్ ఇంకా తెరమీదికి రాకముందే అందులో ఒక దృశ్యం ఉంటుంది. తెల్లటి మంచుకొండ. దాని అడుగు నుంచి కొన దాకా ఒకరి వెనక ఒకరుగా వందలాది మనుషులు. వీపుల మీద మూటలు. ఆ దృశ్యాన్ని ఆయన కాలిఫోర్నియా కొండల్లో తీశాడు. కానీ అలాంటి వరస నిజంగానే ఒకప్పుడు ఒక కొండ ఎక్కింది. అలాస్కాకీ కెనడాకీ సరిహద్దులో ఉన్న ఆ కనుమ పేరు చిల్కూట్. 1897, 98 సంవత్సరాల్లో బంగారం వెతుక్కుంటూ బయల్దేరిన వేలమంది దాన్ని దాటారు. ఆ దారి ఇప్పటికీ ఉంది. సముద్రం ఒడ్డున డాయీ అనే చోట మొదలై, కొండ దాటి, బెన్నెట్ అనే సరస్సు దగ్గర ముగుస్తుంది. మొత్తం 53 కిలోమీటర్లు. వేసవిలో జనం వీపున సంచీ తగిలించుకుని, మూడు నుంచి ఐదు రోజుల్లో నడిచి వెళుతుంటారు. ఈవేళ ఆ దారి గురించి మాట్లాడుకుందాం.

ముందు బంగారం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అది త్వరగానే అయిపోతుంది. 1896 ఆగస్టు 16న, కెనడా వాయవ్య మూలన యూకాన్ ప్రాంతంలో, క్లోండైక్ నదిలో కలిసే ఒక చిన్న వాగులో బంగారం కనబడింది. చూసినవాళ్లు ఒకే కుటుంబం మనుషులు. కేష్ అనే టాగిష్ జాతి మనిషి, అతని చెల్లెలు షా ట్లా, మేనల్లుడు, చెల్లెలి భర్త జార్జి కార్మాక్. కార్మాక్ అమెరికన్. మొదట ఎవరి కన్ను పడిందన్న దాని మీద ఈనాటికీ వాదన ఉంది. పట్టా మాత్రం కార్మాక్ పేరున రాయించారు. ఆదివాసి పేరున రాస్తే కనుక్కున్నవాడిగా ఎవరూ ఒప్పుకోరని వాళ్ల భయం.

ఆ కబురు బయటి ప్రపంచానికి చేరడానికి దాదాపు ఏడాది పట్టింది. 1897 జులై 17న పోర్ట్‌లాండ్ అనే ఓడ సియాటిల్ రేవుకు వచ్చింది. అందులోంచి బంగారం పెట్టెలు దిగాయి. అమెరికాలో 1893 నుంచీ మాంద్యం. బ్యాంకులు మూతబడ్డాయి, పనులు లేవు. అలాంటి సమయంలో ఆ పెట్టెలు దిగితే జనం ఇళ్లల్లో ఎలా కూర్చుంటారు? సియాటిల్ మేయరే పదవి వదిలేసి బయల్దేరాడు. ఇప్పుడు మన తెలుగువాళ్లకు సియాటిల్ అంటే మైక్రోసాఫ్ట్, అమెజాన్. ఆ ఊరు పెద్ద వ్యాపార నగరంగా ఎదగడానికి ఒక ముఖ్య కారణం అప్పటి ఈ బాటసారులకు సామాన్లు అమ్ముకోవడమే. లక్షమంది దాకా బయల్దేరారని అంచనా. గమ్యం చేరినవాళ్లు 30 నుంచి 40 వేలు. చేరేసరికి పనికొచ్చే వాగులన్నీ అక్కడే ఉన్న పాతవాళ్లు పంచేసుకున్నారు. బంగారం ముట్టుకున్నవాళ్లు నాలుగు వేలమంది ఉంటారేమో. డబ్బున్నవాళ్లుగా మిగిలింది కొన్ని వందల మంది.

అందుకే ఈ దారి కథను బంగారం కథగా చెప్పడం నాకు నచ్చదు. ఎక్కువమందికి ఈ దారిలో దక్కింది మోత. వాళ్లు ఏం మోశారు, ఎలా మోశారు, అంతకుముందు వందల ఏళ్ల నుంచీ ఆ కొండ మీద బరువులు మోసినవాళ్లు ఎవరు అన్నదే ఈ దారిలో అసలు చరిత్ర.

ఈ దారి బంగారం కోసం వేసింది కాదు. సముద్రతీరంలో ఉండే ట్లింగిట్ జాతివాళ్లది అది. చేపల నూనె, ఎండు చేపలు, సముద్రపు నాచు మోసుకుని వాళ్లు కొండ అవతలికి వెళ్లేవాళ్లు. లోపలి అడవుల్లో ఉండే జాతుల దగ్గర తోళ్లు, ఉన్ని మార్చుకుని వచ్చేవాళ్లు. ఆ కనుమ మీద వాళ్లకు హక్కు ఉండేది. వాళ్ల అనుమతి లేకుండా ఎవరూ దాటడానికి వీల్లేదు. 1880లో అమెరికా నౌకాదళం కల్పించుకుని, గనులు వెతికేవాళ్లను దాటనివ్వమని ట్లింగిట్ పెద్దలతో ఒప్పందం కుదుర్చుకుంది. వెళ్లేవాళ్లు లోపలివాళ్లతో వ్యాపారం మాత్రం చేయకూడదని షరతు. అప్పటి నుంచి ట్లింగిట్‌లు మోత పనిలోకి వచ్చారు. ఒక్కో మగవాడు 45 కిలోల దాకా మోసేవాడు. ఆడవాళ్లు, పిల్లలు కూడా వాళ్ల శక్తికి తగ్గ మూట ఎత్తుకునేవాళ్లు. బరువుకు ఇంత అని రేటు మాట్లాడుకునేవాళ్లు, బేరంలో ఎవరికీ తీసిపోయేవాళ్లు కాదు. ఇందాక చెప్పిన కేష్ కూడా బంగారం దొరక్కముందు ఇదే కొండ మీద మోత పని చేసినవాడే. ఒకే విడతలో 156 పౌండ్ల ఉప్పు మాంసం, అంటే 70 కిలోలు, కనుమ దాటించాడని ఆయన చేత మోయించుకున్న కెనడా సర్వేయరు విలియం ఓగిల్వీ రాసిపెట్టాడు.

ఇక 1897 చలికాలానికి వద్దాం. అప్పటికే క్లోండైక్‌లో, డాసన్ ఊళ్లో తిండికి కటకట మొదలైంది. వచ్చేవాళ్లు వస్తున్నారు, తెచ్చే గింజలు చాలడం లేదు. ఆ చలిలో పంట పండదు. నది గడ్డకడితే పడవ రాదు. అందుకని కెనడా పోలీసులు ఒక నియమం పెట్టారు. ఏడాదికి సరిపడా తిండి చూపించనిదే ఒక్కరినీ కనుమ దాటనివ్వం అన్నారు. తిండే 520 కిలోలు. గుడారం, గొడ్డలి, రంపం, మేకులు, పారలు, వంటసామాను, కంబళ్లు కలిపితే తలకు 900 కిలోలకు దగ్గర పడేది. పిండి 180 కిలోలు. ఉప్పు పెట్టిన పంది మాంసం 70 కిలోల దాకా. బీన్సు, పంచదార, ఓట్సు, కాఫీ, ఎండు పళ్లు. పడవ అతుకుల్లో పోయడానికి కీలు కూడా. ఎందుకంటే కొండ దిగాక నదిలో వెళ్లే పడవ ఎవరికి వాళ్లు కట్టుకోవలసిందే.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు మనిషి మంచులో 30 కిలోలకు మించి ఎత్తలేడు. 900 కిలోలను 30 విడతలు చేయాలి. ఒక మూట తీసుకెళ్లి కొంతదూరంలో దించడం, వట్టి చేతులతో వెనక్కి రావడం, ఇంకో మూట ఎత్తడం. అంతా వీపు మీదే మోశాడనుకుంటే, 53 కిలోమీటర్ల దారికి అతను నడిచే నడక 3,000 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి నడిచి, మళ్లీ నడిచి ఇంటికి వచ్చినంత. లోయలో మంచు గట్టిగా ఉన్నచోట స్లెడ్జి బండి లాగేవాళ్లు. డబ్బున్నవాళ్లు కూలీలను పెట్టుకునేవాళ్లు. తక్కినవాళ్లకు నెలల తరబడి ఇదే పని. దించిన మూటల దగ్గర కాపలా లేదు. దొంగతనాలు లేకపోలేదు గానీ, దొరికితే తోటి ప్రయాణికులే పంచాయితీ పెట్టి కఠినంగా శిక్షించేవాళ్లు.

దారి మొదట్లో అంతా దట్టమైన అడవి. తైయా అనే నది పక్కనే నడక. వాన ఎక్కువ, నేలంతా నాచు. అలా 21 కిలోమీటర్లు వెళితే షీప్ క్యాంప్ వస్తుంది. 98 వసంతంలో అది గుడారాలతో, పూటకూళ్ల ఇళ్లతో, సారా కొట్లతో కిక్కిరిసిన ఊరు. ఇప్పుడక్కడ చెట్లు, నడిచేవాళ్ల గుడారాలు. అక్కడి నుంచి చెట్లు తగ్గి, రాయి మొదలై, స్కేల్స్ అనే చోటికి చేరతాం. స్కేల్స్ అంటే కాటాలు. చివరి ఎక్కుడుకు ముందు మూటలను మళ్లీ తూచేది అక్కడే. రేటు పెంచేది కూడా అక్కడే. రద్దీ బాగా ఉన్నప్పుడు పౌండుకు డాలరు దాకా పలికిందంటారు. గుర్రాలు అక్కడి వరకే. ఆ పైన మనిషి తప్ప ఏదీ ఎక్కలేదు.

ఆ చివరి ఎక్కుడు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. స్కేల్స్ నుంచి కనుమ నెత్తిమీదికి దూరం కిలోమీటరు కూడా ఉండదు. కానీ నిట్టనిలువుగా 300 మీటర్లు ఎక్కాలి. చలికాలంలో కొందరు ఆ మంచులో 1,500 మెట్లు చెక్కి, ఎక్కేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసుకున్నారు. వాటికి బంగారు మెట్లని పేరు. ఒక్క మనిషి పట్టే వెడల్పు. ముందువాడు కాలు ఎత్తిన మెట్టులో వెనకవాడు కాలు పెట్టాలి. ఎవరికీ సొంత వేగం లేదు. ఆయాసం వచ్చి పక్కకు తప్పుకుంటే మళ్లీ వరసలోకి దూరడానికి గంటలు పట్టేది, ఎవరూ చోటిచ్చేవాళ్లు కాదు. పైకి చేరి మూట దించాక, తమ మూట ఎక్కడ పెట్టారో గుర్తుకు ఒక కర్ర పాతేవాళ్లు. రాత్రి మంచు కురిస్తే మూటలన్నీ కప్పబడిపోతాయి మరి. దిగడం మాత్రం తేలిక. కూర్చుని జారడమే. జారి జారి కొండకు గాళ్లు పడ్డాయి. పది మెట్లకొకసారి ఆగుతూ ఎక్కిన కొండను నిమిషాల్లో దిగి, మళ్లీ వరస చివర నిలబడేవాళ్లు.

ఎరిక్ హెగ్ అనే ఫోటోగ్రాఫరు బరువైన గాజు పలకల కెమెరాతో వచ్చి ఆ వరసను ఫోటో తీశాడు. ప్రపంచమంతా చూసింది. ఆ ఫోటోను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోతాను. అందులో ఒక్క ముఖమూ కనబడదు. అందరూ వంగి ఉంటారు. ఈ కొండ ఎక్కినవాళ్లలో రచయిత జాక్ లండన్ కూడా ఉన్నాడు. ఆయన హెగ్ ఫోటోకు ముందే, 1897లో, ఇదే కనుమ దాటాడు. బంగారం దొరకలేదు. చిగుళ్లు వాచి, స్కర్వీ రోగంతో ఇల్లు చేరాడు. కథలు మాత్రం తెచ్చుకున్నాడు.

కనుమ నెత్తిన కెనడా పోలీసుల గుడిసె, జెండా, ఒక మాక్సిం తుపాకీ. వాళ్ల పెద్ద శామ్ స్టీల్ అనే అధికారి. సామాను తూచి, సుంకం కట్టించుకుని, ఏడాది తిండి లెక్క సరిపోతేనే అవతలికి వదిలేవాళ్లు. జనం అప్పట్లో విసుక్కున్నారు గానీ, నా ఉద్దేశంలో ఆ నియమమే వేలమంది ప్రాణాలు నిలిపింది. డాసన్‌లో ఆకలి చావులు ముంచుకు రాకుండా ఆపింది.

ఆ కొండ అందరినీ దాటనివ్వలేదు. 1898 ఏప్రిల్ 3, ఆదివారం. రోజుల తరబడి మంచు కురిసింది. ఆపై వెచ్చటి గాలి తిరిగింది. కొండ పేరుకున్న మంచును మోయలేని స్థితిలో ఉందని ట్లింగిట్ మోతవాళ్లకు తెలుసు. వద్దన్నారు. వాళ్లు ఆ రోజు పనికి వెళ్లలేదు. మాట విననివాళ్లు వెళ్లారు. షీప్ క్యాంపుకూ స్కేల్స్‌కూ మధ్య మంచు చరియ విరిగిపడి 60 మందికి పైగా చనిపోయారు. కింద ఉన్నవాళ్లు పరుగున వచ్చి పారలతో తవ్వారు. కొందరిని ప్రాణాలతో తీశారు. చనిపోయినవాళ్లలో చాలామందిని డాయీ దగ్గర పూడ్చారు. అక్కడ ఇప్పటికీ చెక్క పలకలు వరసగా ఉన్నాయి, పేర్లు వేరు, ఊళ్లు వేరు, తేదీ మాత్రం దాదాపు అన్నిటి మీదా అదే.

ఆడవాళ్లు కూడా వచ్చారు. మార్తా పర్డీ అనే ఆమె ఆ ఏడాది జులైలో కనుమ ఎక్కింది. కలిసి బయల్దేరవలసిన భర్త మధ్యలో మనసు మార్చుకున్నాడు. ఆమె తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. నేలదాకా పాదాలు కప్పే గౌను, బిగించి కట్టే నడుము పట్టీ, పైగా గర్భవతి. రాళ్ల మీద చేతులూ కాళ్లూ వేసి పాకింది. 1899 జనవరిలో డాసన్ పక్కన కర్ర గుడిసెలో కొడుకును కన్నది. తర్వాత మరో పెళ్లి చేసుకుని మార్తా బ్లాక్ అయింది. 1935లో, దాదాపు 70 ఏళ్ల వయసులో, యూకాన్ నుంచి కెనడా పార్లమెంటుకు ఎన్నికైంది. ఆ సభకు ఎన్నికైన రెండో మహిళ ఆమె.

కనుమ అవతల దిగుడు. ఎత్తైన చల్లటి సరస్సులు, చెట్లు లేని రాతినేల. కొండకు ఇవతల వాన, అవతల పొడి. చివరికి పైన్ చెట్ల అడవిలోకి, లిండెమాన్, బెన్నెట్ సరస్సుల ఒడ్డుకు చేరతాం. అక్కడ మోత ఆగింది, కోత మొదలైంది. వేలమంది చెట్లు నరికి పలకలు కోశారు. ఎత్తున దూలం పడుకోబెట్టి, ఒకడు పైన నిలబడి, ఒకడు కింద నిలబడి పెద్ద రంపం లాగాలి. పైవాడికి గీత చూసుకునే బాధ్యత. కిందవాడి కళ్లల్లో పొట్టు. తప్పు నీదంటే నీదని, కొండంత దారి కలిసి మోసిన స్నేహితులు అక్కడ విడిపోయేవాళ్లట. కొందరు పంతానికి పోయి పడవను కూడా రెండు ముక్కలుగా కోసుకున్నారని చెప్పుకుంటారు.

మే 29న సరస్సు మీది మంచుగడ్డ విరిగింది. కొద్దిరోజుల్లో 7,000కు పైగా పడవలు డాసన్ వైపు కదిలాయి. నీటి మీద ఇంకా 900 కిలోమీటర్ల దాకా ప్రయాణం. పోలీసులు ప్రతి పడవకూ నంబరు వేసి, అందులో ఉన్నవాళ్ల పేర్లు, ఇంటివాళ్ల పేర్లు రాసుకున్నారు. పోయినవాడి ఇంటికి కబురు చేయడానికి ఆ పుస్తకమే ఆధారం.

మరుసటి ఏడాదే అంతా మారిపోయింది. పక్కనే ఉన్న వైట్ పాస్ మీదుగా రైలు వేశారు. ఆ దారిలో అంతకుముందు దాదాపు 3,000 గుర్రాలు చచ్చిపోయాయి. రైలు 1899 జులైలో బెన్నెట్‌కు చేరింది. ఇక చిల్కూట్ ఎక్కేవాళ్లు ఎవరు? డాయీ ఊరు ఖాళీ అయింది. ఇప్పుడక్కడ అడవి. ఒక స్థలాల వ్యాపారి ఆఫీసు ముందరి గోడ మాత్రం చెట్ల మధ్య నిలబెట్టి ఉంది, వెనక ఇల్లు లేదు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు స్తంభాలు సముద్రానికి దూరంగా గడ్డిలో కనబడతాయి. 'చిన్న మంచుయుగం' ముగిసినప్పటి నుంచి హిమానీనదాలు కరుగుతూ, బరువు తగ్గిన ఆ నేల ఏటా సెంటీమీటరుకు పైగా పైకి లేస్తోంది.

దారి పొడవునా సామాన్లు పడి ఉన్నాయి. వాళ్లు మోయలేక వదిలేసినవి. చెట్ల మధ్య ఒక ఇనుప పొయ్యి. కొండమీదికి సరుకు చేరవేయడానికి 1898లో కట్టిన రోప్‌వేకు ఆవిరి అందించిన పెద్ద బాయిలరు, తుప్పు పట్టి, పక్కనుంచి మొక్కలు మొలిచి. తెగిన ఉక్కు తీగలు. తోలు బూటు అడుగులు. గుర్రపు నాడాలు. రేకు డబ్బాలు. కనుమ దగ్గర, కాన్వాసు గుడ్డతో కప్పే మడత పడవల చట్రాలు, కట్టలు కట్టలుగా, తెచ్చినవాడు విప్పకుండానే. వాటిలో ఏ ఒక్కటీ తీయకూడదు, జరపకూడదు. అమెరికా వైపు 1976లో జాతీయ చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించారు. అటువైపు కెనడా జాతీయ చారిత్రక స్థలం. 1998లో రెంటినీ అంతర్జాతీయ ఉద్యానవనంగా కలిపారు. తుప్పు పట్టిన డబ్బాను ఉన్నచోటే ఉంచడం మంచి నిర్ణయమని నా గట్టి నమ్మకం. అద్దాల బీరువాలో పెట్టిన బూటు అడుగు చూసి ఏం తెలుస్తుంది? ఏ రాయి దగ్గర అది ఊడిపోయిందో, అక్కడి నుంచి కొన ఎంత దూరం కనబడుతుందో చూస్తే తెలుస్తుంది.

కనుమ దాటి వెళ్లేవాళ్లను రోజుకు 50 మందికి మించి అనుమతించరు. ముందుగా పర్మిట్ తీసుకోవాలి, దేశం మారుతుంది గనుక పాస్‌పోర్టు కావాలి. షీప్ క్యాంప్ నుంచి కనుమ మీదుగా హ్యాపీ క్యాంపుకు 13 కిలోమీటర్ల లోపే గానీ, ఒక పగలంతా పడుతుంది. వేసవిలో మంచు మెట్లు ఉండవు. ఉండేవి మనిషంత బండరాళ్లు. నాలుగు కాళ్ల మీద ఎక్కాలి. వీపు మీద ఉండేది 15, 20 కిలోల సంచీ, ఒక్కటే విడత.

దారికి అసలు యజమానుల సంగతి చెప్పకుండా ముగించలేను. కేష్ 1916లో చనిపోయాడు. బంగారంతో వచ్చిన సొమ్ములో భాగం తన జాతి జనం మేలు కోసం నిధిగా రాసి పోయాడు. ఆ నిధి నుంచి పుట్టిన కేంద్రం వైట్‌హార్స్ నగరంలో ఆయన పేరుతోనే నడుస్తోంది. చెల్లెలు షా ట్లాకు ఆ అదృష్టం లేదు. ఆమెను అందరూ కేట్ కార్మాక్ అన్నారు. 1900లో భర్త వదిలేశాడు. చట్టం ప్రకారం పెళ్లే జరగలేదన్నాడు. ఆమె తన ఊరు కార్‌క్రాస్‌కు తిరిగి వచ్చి, అల్లికలూ కుట్టుపనులూ యాత్రికులకు అమ్ముకుని బతికింది. 1920లో ఇన్‌ఫ్లుయెంజాతో పోయింది. కెనడా గనుల గౌరవ సభలో ఆ వాగు దగ్గరున్న మగవాళ్ల పేర్లు 1999లో ఎక్కాయి. ఆమె పేరు ఎక్కడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. 2019లో ఎక్కింది.

ఈ మధ్య మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి సియాటిల్ వెళ్లే తల్లిదండ్రులు అలాస్కా ఓడ ప్రయాణం కూడా చేసి వస్తున్నారు. ఆ ఓడలు చాలావరకు స్కాగ్వే రేవులో ఒక పగలు ఆగుతాయి. అందరూ రైలెక్కి వైట్ పాస్ చూసి వస్తారు. మంచిదే. కానీ అక్కడి నుంచి డాయీకి రోడ్డు ఉంది, 15 కిలోమీటర్లు. కొండ ఎక్కనక్కర్లేదు. మోకాళ్లు సహకరించినంత దూరం నది పక్కన నడవండి. ఏప్రిల్ 3 పలకలున్న ఆ శ్మశానం కూడా అక్కడే, చెట్ల కింద ఉంది. మనవలను వెంట తీసుకెళ్లండి. 900 కిలోల లెక్క వాళ్ల చేతనే వేయించండి.